గొట్టాల్లో తేట నీళ్ళు

ఖాజాగూడ,
నవంబరు 9, 1975

చిరంజీవి బుల్లిబాబుకి బావ ఆశీస్సులు.

మేం కుశలం అని మొదలుపెట్టబోతే మీ అక్క పక్కనుంచి “ఉన్నది రాయండి, వాడేమైనా పరాయివాడా?” అంది. కాబట్టి ఉన్నదే రాస్తున్నాను. వేసవిలో నువ్వు సెలవు పెట్టుకొచ్చి, మీ చక్కెర ఫ్యాక్టరీ పాతసామాను వేలంలో కొన్న ఇనప గొట్టాలతో మా ఇంటికి బిగించి వెళ్ళిన వేడినీళ్ళ ఏర్పాటు మొరాయిస్తోంది.

మొరాయించక ముందు అది చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. దసరా వెళ్ళగానే ఈ రాళ్ళగుట్టల మీంచి చలి దిగింది. పెరట్లో బాయిలరు ముట్టించాను. వేడినీళ్ళు పైకి లేచి, గోడ వెంబడి మీ అక్క గది చుట్టూ తిరిగి, చల్లారి, కింది గొట్టంలోంచి మళ్ళీ బాయిలరుకే వచ్చి చేరాయి. పంపు లేదు, మోటారు లేదు. నువ్వు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఉద్యోగమంతా రోడ్లు వేయించిన ఓవర్సీరుని, నీళ్ళు వాటంతట అవి గోడెక్కడం నేనెక్కడ చూశాను? ఊరి మంత్రసాని చంద్రమ్మ వచ్చి గొట్టం మీద చెయ్యి పెట్టి “గోడకు జరమొచ్చినట్టున్నది గదమ్మా” అంది. పుప్పాలగూడ నుంచి కూడా జనం వచ్చి చూసి వెళ్ళారు. అంతా మా తమ్ముడి తెలివి అని మీ అక్క ప్రతివాళ్ళకీ చెప్పింది. రోజూ కట్టెలు కొట్టేది నేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక రోగం సంగతి. కొన్నాళ్ళు బాగా నడుస్తుంది. ఉన్నట్టుండి ఓ సాయంత్రం గొట్టంలో టంగుటంగుమని చప్పుడు, గుడగుడ. తెల్లారేసరికి గదిలో గొట్టం చల్లగా అయిపోతుంది, పెరట్లో బాయిలరేమో సలసల కాగుతూనే ఉంటుంది. గొట్టం పై కొసన నువ్వు చూపించిన, గాలి వదిలే మర విప్పితే బుస్సుమని గాలిపోయి నీళ్ళు చిమ్ముతాయి. బిగిస్తే మళ్ళీ వేడి. హమ్మయ్య అనుకుని వారం తిరక్కుండానే మళ్ళీ అదే టంగుటంగు.

నా బెంగ నీకు తెలియంది కాదు. కిందటి చలికాలం మీ అక్క వేళ్ళు ముడుచుకుపోయి అన్నం కలుపుకోలేకపోయింది. మోకాళ్ళు చాపలేకపోయింది. ఇంకొక్క చలికాలం అలా గడిస్తే కీళ్ళు ఇక జన్మలో సాగవని డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. ఈ ఏడు గది వెచ్చగా ఉంచలేకపోతే ఇల్లు అమ్మేసి మీ గోదావరి వైపు వచ్చేస్తానని ఆయనకి మాటిచ్చాను. ఆ మాట మీ అక్క చెవిన పడింది. ఈ ఇల్లు వదలడం మా అమ్మణ్ణికి ఎంత ఇష్టం లేదో నీకూ నాకూ తెలుసు.

ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

ఇట్లు, మీ బావ
పట్టాభిరామయ్య


తణుకు, ఫ్యాక్టరీ క్వార్టర్సు,
నవంబరు 15, 1975

పూజ్యులైన బావగారికి బుల్లిబాబు నమస్కారాలు.

మీ ఉత్తరం బాయిలరు పక్కన నిలబడే చదివాను. చెరుకు సీజను మొదలైంది కనక ఒక్క పూట కూడా సెలవివ్వరు. రెక్కలుంటే వచ్చి వాలేవాణ్ణి. వైద్యుడు దూరాన ఉన్నప్పుడు రోగి పక్కనున్నవాళ్ళే నాడి చూడాలి కదా, మీరే చూడాలి.

గొట్టంలో గాలి చేరుతోంది. అందులో సందేహం లేదు. గాలి ఎప్పుడూ ఎత్తుకి పోయి కూర్చుంటుంది. గొట్టం బాయిలరు దగ్గర్నుంచి గాలి మర దాకా కాస్త కాస్తగా ఎత్తుకి పోతుండాలి. మధ్యలో ఎక్కడైనా ఒంటె మూపురంలా లేచిందంటే గాలి అక్కడ చిక్కుకుని నీళ్ళకి అడ్డం పడుతుంది. నేను బిగించినప్పుడు సరిగానే ఉంది. వానలకి గోడ మేకులు జారాయేమో. వాటం చూడటంలో మిమ్మల్ని మించినవాళ్ళు జిల్లాలో లేరని మీ పాత ఇంజనీర్లే అనేవారు. ఒకసారి మట్టం పెట్టి చూడండి.

మా ఆవిడ వీరలక్ష్మి తన వదినగారి కోసం తూర్పు గదికి సున్నం వేయించింది. వద్దన్నా వినలేదు. అక్కయ్య వస్తే ఆవిడకి పండగే, నాకూ పండగే. కానీ బావగారూ, నేను బిగించిన గొట్టం పని చెయ్యక మా అక్క ఇల్లు వదిలి వచ్చిందంటే ఆ పండగ నాకు గొంతు దిగదు.

మీ విధేయుడు,
బుల్లిబాబు


ఖాజాగూడ,
నవంబరు 26, 1975

చిరంజీవి బుల్లిబాబుకి ఆశీస్సులు.

నువ్వు పొగిడావని కాదు గానీ మట్టం చూసే పని నాకు పెళ్ళిభోజనం. మూటగట్టి అటకెక్కించిన సామానంతా దించాను. సన్న రబ్బరు గొట్టంలో నీళ్ళు పోసి ఈ కొస ఓ మేకు దగ్గరా, ఆ కొస ఓ మేకు దగ్గరా పట్టి చూశాను. నీ అనుమానం నిజమే. కిటికీ దాటాక గొట్టం వేలెడు కిందికి కుంగింది. రాళ్ళు కొట్టే ఎల్లేశాన్ని పిలిచి గోడకి కొత్త మేకులు దింపించి, గొట్టం సరైన వాటానికి ఎత్తాం. మీ అక్క మంచం మీద కూర్చుని “రోడ్డు వేసినన్నాళ్ళు ఇంట్లో కూర్చోలేదు, ఇప్పుడు ఇంట్లోనే రోడ్డు వేస్తున్నారు” అంది.

చక్కగా పనిచేసింది. గది వెచ్చబడింది. మీ అక్క ఒకరోజు తనే జడ వేసుకుంది. ఆ జడ చూసి నేను ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయాను.

నిన్న సాయంత్రం మళ్ళీ టంగుటంగు. ఇవాళ పొద్దున గొట్టం చచ్చినట్టు చల్లగా ఉంది. గాలి విప్పాను. వేడెక్కింది. ఎన్నాళ్ళో తెలియదు. అతుకులన్నీ తడిమి చూశాను, ఎక్కడా తడి లేదు, తుప్పు చార కూడా లేదు. బయటికి ఒక్క చుక్క కారకుండా లోపలికి గాలి ఎలా వస్తోంది నాయనా?

మీ అక్క కుడిచేతి వేళ్ళు మళ్ళీ వాచాయి. అడిగితే “చలికి అంతే లెండి” అని చెయ్యి కొంగులో దాచుకుంటోంది. ఇల్లు కొనడానికి హఫీజ్‌పేట్ నుంచి ఒకాయన వచ్చి చూసి వెళ్ళాడు. వచ్చే నెలాఖరుకి ఏ సంగతీ చెప్తానన్నాను.

మీ బావ


తణుకు,
డిసెంబరు 1
(కార్డు)

బావగారికి నమస్కారాలు. ఒక్క పని చెయ్యండి. వంటింటి వెనక, అన్నిటికంటే పల్లంలో, ఏడాదికోసారి గొట్టాలు కడిగి వదలడానికి నేనొక కుళాయి పెట్టాను. దాన్నుంచి ఒక్క గాజు గ్లాసెడు నీళ్ళు పట్టి, వెలుతురులో పెట్టి చూసి, ఏ రంగులో ఉన్నాయో రాయండి. తిరుగు టపాలో రాయండి. అక్కయ్య చేతులకి వేడి ఉప్పు కాపడం పెట్టమని వీరలక్ష్మి చెప్పమంది.

బుల్లిబాబు


ఖాజాగూడ,
డిసెంబరు 6
(కార్డు)

చిరంజీవి బుల్లిబాబుకి. పట్టాను, చూశాను. నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి. మా బావి నీళ్ళకీ వాటికీ తేడా లేదు. గ్లాసు వెనక పెట్టిన పేపరు చదువుకోవచ్చు. నీ పనితనానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? గొట్టం లోపల అద్దంలా ఉందన్నమాట. కనీసం ఆ దిగులు మానుకో.

మీ బావ


తణుకు,
డిసెంబరు 11, 1975

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ కార్డు చదివి నవ్వొచ్చింది, తరవాత భయమేసింది. మీరు పేపరు చదువుకున్న ఆ తేట నీళ్ళే రోగం.

దసరా నాటి నీళ్ళు ఇన్నాళ్ళూ ఇనప గొట్టాల్లో తిరుగుతూ ఉంటే ఈపాటికి కాఫీ డికాక్షన్‌లా నల్లబడి ఉండాలి. అలా నల్లబడటమే మంచిది. పాత నీళ్ళలో ఉన్న గాలంతా ఎప్పుడో బయటికి పోయి ఉంటుంది, సున్నం కూడా ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. ఇక అవి గొట్టాన్ని ఏమీ చెయ్యవు. కొత్త నీళ్ళు అలా కాదు. కాగిన కొద్దీ వాటిలోని గాలి బుడగలుగా లేచి, పైకి పోయి కూర్చుంటుంది. మీ బావి నీళ్ళయితే సున్నం కూడా పొరలు పొరలుగా కట్టి గొట్టం పూడుస్తుంది. మీ గ్లాసులో తేట నీళ్ళున్నాయంటే పాతవి పోయి కొత్తవి వచ్చాయి. ఒకసారి కాదు, మాటిమాటికీ వస్తున్నాయి.

అతుకుల్లో కారడం లేదని మీరే రాశారు. మీ చెయ్యి తడిమి లేదంటే లేనట్టే. మరి నీళ్ళెక్కడికి పోతున్నాయి? మిద్దె మీద చిన్న తొట్టిలో నేను పెట్టిన తేలే బంతి ఉంది చూశారూ, అదే మనల్ని మోసం చేసింది. నీళ్ళు తగ్గగానే బంతి కిందికి దిగి, పెద్ద తొట్టిలోంచి నీళ్ళు వదిలేస్తుంది. తగ్గినట్టు ఎవరికీ తెలియదు. మీరు ఆ బంతిని తాడుతో పైకి కట్టేయండి. నీళ్ళ మట్టం దగ్గర తొట్టి లోపలి గోడకి గీత గీయండి. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం నిద్ర మానుకుని, గంట గంటకీ మిద్దెక్కి చూడండి. తొట్టి అడుగంటితే బాయిలరుకి ప్రమాదం కనక వెంటనే బంతి విప్పేయాలి.

ఒక మాట దాచకుండా రాస్తాను. ఈ ఉత్తరం రాయబోతూ ఒకసారి కలం పక్కన పెట్టేశాను. ఇది రాయకపోతే నెలాఖరుకి మీరు ఇల్లు అమ్ముతారు, అక్కయ్య మా తూర్పు గదిలో ఉంటుంది, రోజూ ఆవిడ చేతి కాఫీ తాగొచ్చు. ఆ ఆశ పుట్టిన మాట నిజం. కానీ అక్కయ్యకి కావలసింది ఖాజాగూడ. అందుకని రాస్తున్నాను.

మీ విధేయుడు,
బుల్లిబాబు


ఖాజాగూడ,
డిసెంబరు 19, 1975

చిరంజీవి బుల్లిబాబుకి ఆశీస్సులు.

దొంగ దొరికింది. ఎవరో చెప్పేముందు నువ్వు కాస్త కూర్చో.

నువ్వు రాసినట్టే బంతి కట్టేసి, మీ అక్క కుంకం భరిణెలోంచి చిటికెడు తీసుకుని గీత గీశాను. ఒకరోజు గడిచింది. గీత దగ్గరే నీళ్ళున్నాయి. మర్నాడూ అంతే. నీ లెక్క తప్పిందనుకున్నాను. మూడోరోజు భోజనాలయ్యాక మిద్దెక్కితే, నేను చూస్తుండగానే తొట్టిలో నీళ్ళు కిందికి జారుతున్నాయి. గబగబా బంతి విప్పి, మెట్లు దిగి, వంటింటి వెనక్కి పోయాను.

అక్కడ చంద్రమ్మ బిందె పట్టుకుని ఉంది. పక్కన ఇంకో రెండు బిందెలు పొగలు కక్కుతున్నాయి. మీ అక్క గోడకి ఆనుకుని నిలబడి, వేళ్ళు వంగవు కనక రెండు అరచేతుల మధ్యా కుళాయిని పట్టి తిప్పుతోంది. నేనెప్పుడూ మధ్యాహ్నం నాలుగింటి దాకా నిద్ర లేవనని ఇద్దరి ధీమా.

చంద్రమ్మే ముందు మాట్లాడింది. “సారూ, అమ్మను ఏమనకున్రి. బాలింతకు నీళ్ళు పోయాలె. వానలు ఇడువక కట్టెలన్నీ నానిపోయినయి, పొగ తప్ప మంట లేదు. గోరువెచ్చని నీళ్ళు పోస్తే బాలింతకు సరిపోతదా? అమ్మనే పిల్చి తీసుకపొమ్మన్నది.”

సంగతేమిటంటే, దసరా నుంచీ ఊళ్ళో ఎవరికి కాన్పయినా స్నానానికి నీళ్ళు మన గొట్టంలోంచే పోతున్నాయి. పది పన్నెండు బిందెలు తోడితే గానీ ఒక బాలింత స్నానం కాదు. నువ్వు ఏడాదికోసారి విప్పమన్న కుళాయి ఇప్పుడు ఖాజాగూడ బాలింతలందరిదీ.

చంద్రమ్మ వెళ్ళాక మీ అక్కని కూర్చోబెట్టి అడిగాను. కోపంగానే అడిగాను. “ఈ నీళ్ళు తీసినప్పుడల్లా నీ గది చల్లబడుతోందని తెలుసా?”

“మొదట తెలీదు. తరవాత్తరవాత తెలిసింది. నీళ్ళు పట్టిన సాయంత్రమే చప్పుడు మొదలయ్యేది” అంది.

“తెలిసీ పట్టావా? ఇల్లు అమ్ముకోవలసి వస్తుందని తెలిసి కూడానా? నీకీ ఇల్లంటే ప్రాణం కదా.”

ఆవిడ నా వంక చూసిన చూపు నీకు రాయలేను. “ఏవండీ, గొట్టం చల్లబడితే నాకు వేళ్ళు నొప్పులొస్తాయి. నీళ్ళు చల్లబడితే ఆ పిల్లకి సన్నిపాతం వస్తుంది. రెండూ ఒకటేనా? పొద్దస్తమానం అన్ని వేడినీళ్ళు నా గది చుట్టూ ఊరికే తిరుగుతుంటే, గోడ అవతల బాలింత చలికి వణుకుతూ ఉంటే, కుళాయి మూసుకుని ఎలా పడుకోను? మీకు చెబితే వద్దంటారు. మీరు వద్దన్నాక తియ్యలేను. అందుకని చెప్పలేదు.”

నిజమే, వద్దనేవాణ్ణే. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఆవిడ మంచిదని తెలుసనుకున్నాను. ఎంత మంచిదో నిన్న మధ్యాహ్నం కుళాయి దగ్గర చూశాను. బుల్లిబాబూ, నాకు ఆవిణ్ణి చూస్తే గర్వంగా ఉంది, చెప్పొద్దూ, కాస్త భయంగా కూడా ఉంది.

ఇప్పుడేం చెయ్యను? కుళాయికి తాళం వెయ్యమంటావా? వేస్తే గది వెచ్చగా ఉంటుంది, ఆవిడ మాత్రం అందులో ఉండలేదు. వెయ్యకపోతే ఇల్లు పోతుంది.

మీ బావ


తణుకు,
డిసెంబరు 24, 1975

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

తాళం వెయ్యకండి.

మీ ఉత్తరం వీరలక్ష్మికి చదివి వినిపించాను. సగంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి “ఇంట్లో వేడినీళ్ళు తిరుగుతుంటే స్నానానికి కుళాయి పెట్టనివాణ్ణి మిమ్మల్నే చూశాను” అని నన్ను దులిపేసింది. మా ఫ్యాక్టరీలో ఆవిరిని ఎవరూ బిందెతో పట్టుకుపోరు కాబట్టి నాకు తట్టలేదు. మన ఆడవాళ్ళలో ఎవరైనా వేడినీటి గొట్టం పక్కన నిలబడి, ఇది గోడ కోసం అనుకుంటారా?

ఉపాయం చెప్తాను. గొట్టంలో నీళ్ళు గొట్టంలోనే ఉండాలి. బాలింతకి కావలసింది ఆ నీళ్ళు కాదు, ఆ వేడి. రాగి గొట్టాన్ని చుట్టలా వంచి ఒక పెద్ద గంగాళంలో దించుదాం. బాయిలరు నీళ్ళు ఆ చుట్టలోంచి పోయి మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతాయి. గంగాళంలో మీరు బావి నీళ్ళు పోస్తే అవి బయటినుంచి కాగుతాయి. ఎన్ని బిందెలు ముంచుకున్నా గొట్టంలో ఒక్క చుక్క తగ్గదు. నీళ్ళు నల్లబడతాయి, గాలి చేరదు.

ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్తున్నాను. గంగాళం కాగుతున్నంతసేపూ గదికి వేడి తగ్గుతుంది. బాయిలరు చిన్నది. మీరు కట్టెలు ఎక్కువ వెయ్యాలి, అంటే ఎక్కువ కొట్టాలి. మీ వయసుకి ఇది చెప్పడం నాకు ఇష్టం లేదు.

చుట్ట ఇక్కడ వంచి, రేపు రైల్లో నాంపల్లికి పార్సెలు వేస్తున్నాను. బిగించే పద్ధతి బొమ్మ వేసి అందులోనే పెట్టాను. ముందు పాత నీళ్ళన్నీ వదిలి, సున్నం కడిగి, ఒకేసారి నింపి, అడుగు కుళాయి పిడి ఊడదీసి దాచేయండి. ఆ కుళాయి మీద నాకే నమ్మకం లేదు, అక్కయ్య మీద మొదలే లేదు.

అక్కయ్యకి నా దణ్ణాలు చెప్పండి. ఎప్పుడూ చెప్పే దణ్ణాలు కావివి.

మీ విధేయుడు,
బుల్లిబాబు


ఖాజాగూడ,
జనవరి 22, 1976

చిరంజీవి బుల్లిబాబుకి, చిరంజీవి సౌభాగ్యవతి వీరలక్ష్మికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం వసారాలో కూర్చుని, రెండు దుప్పట్లు కప్పుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే చలి అనుకో. లోపల గది వెచ్చగానే ఉంది. నన్ను మాత్రం లోపలికి రానివ్వడం లేదు.

చుట్ట చెక్కుచెదరకుండా వచ్చింది. నేనూ ఎల్లేశమూ కలిసి నీ బొమ్మ ప్రకారం బిగించాం. గొట్టాలు కడిగితే సున్నం పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఒకేసారి నింపాం. చివర్న గాలి మర విప్పి వదిలాను. ఆ రోజు నుంచీ టంగుటంగు లేదు. మొన్న దాచిన పిడి తెచ్చి బిగించి గ్లాసెడు నీళ్ళు పట్టి చూస్తే నల్లగా ఉన్నాయి, నీ డికాక్షన్ అంతా కాదు గానీ పల్చటి కాఫీ అనొచ్చు. ఆ నల్లనీళ్ళ గ్లాసు పట్టుకుని వీధంతా తిరిగి అందరికీ చూపించాను. వాళ్ళు నాకు మతి చలించిందనుకున్నారు.

కట్టెలు ఎక్కువే కొడుతున్నాను. నా గురించి దిగులు పడకు, ఆకలి బాగా వేస్తోంది.

ఇక వసారా సంగతి. పోయిన వారం ముసురు పట్టి, చెరువు మీంచి ఈదరగాలి కొట్టింది. ఎల్లేశం భార్య నీలమ్మకి అప్పుడే కాన్పయింది. ఆడపిల్ల. గుడిసెలో కింద తడి, పైన గాలి. చంద్రమ్మ పరుగెత్తుకొచ్చి “అమ్మా, పిల్ల సల్లబడుతున్నది, గుడిసెల ఉంచితే దక్కది” అంది. మీ అక్క నన్ను అడగలేదు. అడుగుతుందని నేనూ అనుకోలేదు. “నా గదికి తీసుకురండి, నా మంచం మీద పడుకోబెట్టండి” అంది. తల్లీపిల్లా ఇప్పుడు మీ అక్క గదిలో ఉన్నారు, మీ అక్కా చంద్రమ్మా వాళ్ళకి కాపలా. బాలింత గదిలోకి మగవాళ్ళు రాకూడదట. ఎల్లేశమూ నేనూ వసారాలో ఉన్నాం. నేను కట్టిన ఇంట్లో, నేను కొట్టిన కట్టెలతో వెచ్చబడిన గదిలోకి నాకు ప్రవేశం లేదు.

పిల్ల తేరుకుంది. గొంతు ఊరి చివరిదాకా వినిపిస్తోంది.

హఫీజ్‌పేట్ ఆయనకి ఇల్లు అమ్మడం లేదని కబురు చేశాను. వీరలక్ష్మి తూర్పు గది వృథా కానివ్వం, ఎండాకాలం వచ్చి మామిడిపళ్ళ రోజులన్నీ అక్కడే ఉంటాం.

ఇవాళ పొద్దున జరిగింది రాసి ముగిస్తాను. గంగాళంలో నీళ్ళు కాగాయి. తలుపు ఓరగా ఉంది. చూడకూడదు గానీ చూశాను. మీ అక్క పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ బారుగా చాపింది. మోకాళ్ళు పూర్తిగా చాపింది బుల్లిబాబూ, కిందటేడు ముడుచుకుపోయిన కాళ్ళు. చంద్రమ్మ పిల్లని అందిస్తే కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, ఎడం చేత్తో పిల్ల నుదురు పట్టుకుని, కుడిచేత్తో చెంబు ఎత్తి వీపు మీద నీళ్ళు పోసింది. చెంబు జారలేదు. పిల్ల కెవ్వుమంది, ఆవిడ నవ్వింది. నేను పెరట్లోకి వెళ్ళి బాయిలరులో ఇంకో రెండు కట్టెలు వేశాను.

డాక్టరుగారికి కూడా ఒక కార్డు రాయాల్సి వచ్చింది. కీళ్ళు ఎలా ఉన్నాయో వివరంగా రాయమన్నారు. ఎలా రాయాలో తోచక, ఆవిడ ఇవాళ పసిపిల్లకి నీళ్ళు పోసింది అని మాత్రం రాసి పోస్టు చేశాను.

మీ బావ
పట్టాభిరామయ్య